ఏరువాక వేళ గోధుమ కోతలు

2001 జూలైలో మేము కాన్సస్ రాష్ట్రం నడిబొడ్డున, హచిన్సన్ పట్టణానికి పాతిక మైళ్ళ దూరంలో ఉన్న ఒక చిన్న ఊరికి కాపురం మార్చాము. మావారు వైద్యులు. విదేశాల నుంచి వచ్చి అమెరికాలో శిక్షణ పొందిన వైద్యులు, డాక్టర్లు సరిగా దొరకని పల్లె ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే, శిక్షణ ముగియగానే రెండేళ్ళ పాటు స్వదేశానికి వెళ్ళి ఉండాలన్న నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఆ మూడేళ్ళ కోసమే వెళ్ళాము, పదకొండేళ్ళు ఉండిపోయాము. అప్పటికి మా అబ్బాయికి రెండేళ్ళు. అమ్మాయి ఆ మరుసటి ఏడు చివరిలో అక్కడే పుట్టింది.

మా ఇల్లు ఊరి చివర ఉండేది. పెరటి కంచె దాటితే ఇక గోధుమ పొలమే. మేము దిగిన రోజుకు కోతలు అయిపోయి, నేలంతా కొయ్యకాళ్ళతో, మా గుంటూరు జిల్లాలో సంక్రాంతికి ముందు కనిపించే మాగాణిలా బోడిగా ఉంది. గోధుమ అంటే నాకు అప్పటిదాకా దుకాణంలో పిండి పొట్లమే. ఆదివారం ఉదయం పూరీ, షుగరు వచ్చిన పెద్దవాళ్ళకు రాత్రిపూట రెండు చపాతీలు, అంతకు మించి ఆ గింజతో మాకు పరిచయం లేదు. ఆ పైరు ఎలా మొలుస్తుందో, ఎలా ఎదుగుతుందో పిల్లవాణ్ణి చంకనేసుకుని వంటింటి కిటికీలో నుంచి చూస్తూ తెలుసుకున్నాను. సెప్టెంబరు చివరి నుంచి విత్తుతారు. చలి ముదరకముందే జానెడు పచ్చిక లేస్తుంది. మంచు కురిసినప్పుడు ఆ పచ్చిక మంచు కింద నిద్రపోతుంది. ఆ చలి తగలకపోతే ఆ రకం గోధుమ కంకి వేయదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా గుర్తుంది. మార్చిలో మళ్ళీ కళ్ళు విప్పుతుంది, మే నెలలో వెన్ను తీస్తుంది, జూన్ మొదటి వారంలో పచ్చదనం విరిగి రంగు తిరుగుతుంది. ఆ రంగు తిరిగే నాలుగైదు రోజులూ పొద్దున చూసిన చేను సాయంత్రానికి అలాగే ఉండదు.

బడులు మే చివరలో మూసేవారు. పిల్లలకు అప్పటి నుంచి ఆగస్టు మధ్య వరకు సెలవులు. పొద్దున్నే ఊరి గ్రంథాలయానికి వెళ్ళి, వేసవిలో చదివిన పుస్తకాలు లెక్కవేసి బహుమతులిచ్చే పట్టికలో పేర్లు రాయించుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఊరి ఈత కొలను. సాయంత్రం చిన్నపిల్లల బేస్‌బాల్. మా వీధి చివర ఒక పెద్ద కంబళి చెట్టు ఉండేది. జూన్‌లో దాని పళ్ళు రాలి, కాలిబాటంతా ఊదారంగుగా మారేది. చెప్పులు లేకుండా ఆ పళ్ళు తొక్కి, అరికాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చిన అడుగులు వంటింటి నేల మీద ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. వాన వెలిసిన ఉదయాల్లో మట్టిరోడ్డు మీద పసుపు చారల చిన్న తాబేళ్ళు రోడ్డు దాటుతుంటే, కారు ఆపి, వాటిని అవి వెళ్ళే దిక్కుకే అవతలి గట్టున దింపి రావడం మా పిల్లలకు ఒక నియమం. జూన్‌లో అక్కడ తొమ్మిది గంటలకు గాని పొద్దు గుంకదు. చీకటి పడిందని చెప్పి వాళ్ళను పడుకోబెట్టడానికి వీలుండేది కాదు. తీరా చీకటి పడితే పెరట్లో మిణుగురులు లేచేవి.

ఇంత ఆటలో ఉన్నా జూన్ రెండో వారం దాటేసరికి ఊరిలో ఒక ఎదురుచూపు మొదలయ్యేది, అది పిల్లలకూ అంటుకునేది. కోతలు దక్షిణాన టెక్సాస్‌లో మే నెలలోనే మొదలై, ఓక్లహోమా మీదుగా ఉత్తరానికి జరుగుతూ వస్తాయి. కూలికి కోసిపెట్టే బృందాలు యంత్రాలను లారీల మీదికెక్కించుకుని, భార్యాపిల్లలతో సహా బండి ఇళ్ళలో బతుకుతూ, ఆ పంట వెంటే మొంటానా దాకా వెళ్తాయి. సంత వెనుక ఖాళీ స్థలంలో ఆ బండి ఇళ్ళు వచ్చి నిలిచాయంటే కోత ఇంకెన్నో రోజులు లేదని అర్థం. జూన్ మధ్యలో ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. బేస్‌బాల్ ఆటకు తండ్రులు రారు. పద్నాలుగేళ్ళు నిండిన కుర్రవాళ్ళు వ్యవసాయపు అనుమతి పత్రంతో ధాన్యం లారీలు నడుపుతూ పెద్దమనుషుల్లా కనిపించేవాళ్ళు. మా అబ్బాయికి వాళ్ళంటే దేవుళ్ళతో సమానం.

మా పెరటి వెనుక పొలం ఒక డెబ్బై ఏళ్ళ పెద్దాయనది. పిల్లలు ఆయనను ట్రాక్టర్ తాత అనేవాళ్ళు, ఆ మాటకు అర్థం తెలిశాక ఆయన కూడా తనను తాను అలాగే చెప్పుకునేవారు. జూన్ రెండో వారం నుంచి ఆయన రోజూ సాయంత్రం కంచె దగ్గర బండి ఆపి, నాలుగు కంకులు తుంచి, రెండు అరచేతుల మధ్య వేసి నలిపి, ఉఫ్ అని ఊది పొట్టు ఎగరగొట్టి, మిగిలిన గింజల్లో ఒకటి పంటికింద పెట్టి కొరికేవారు. మెత్తగా నలిగితే ఇంకా ఆగాలి, పటుక్కున విరగాలి. మిగిలిన గింజలు పిల్లల చేతుల్లో పోసి నమలమనేవారు. మింగకుండా ఓపికగా నమిలితే పిండి అంతా లాలాజలంలో కరిగిపోయి, జిగురు మాత్రం మిగిలి, కాసేపటికి అచ్చంగా చూయింగ్ గమ్ అవుతుంది. మా అబ్బాయి ఎప్పుడూ తొందరపడి మింగేసేవాడు. అమ్మాయికి పళ్ళు సరిగా రాకముందే ఆ విద్య పట్టుబడింది.

2005 మే చివరలో మా అమ్మా నాన్నా మొదటిసారి మా దగ్గరకు వచ్చారు. నాన్నది రేపల్లె దగ్గరి పల్లె, అయిదెకరాల మాగాణి రైతు. వచ్చిన వారం రోజులకే ఆయనకు ఇంట్లో తోచలేదు. టీవీ చూడలేరు, కారు నడపలేరు, మాట్లాడదామంటే తెలుగు వచ్చిన మనిషి వారానికొకసారి విచిటా నగరంలో తప్ప దొరకరు. అయితే పెరటి కంచె ఉంది. తెల్లవారుజామున పంచె ఎగగట్టుకుని వెళ్ళి కంచె పట్టుకుని నిలబడి, అరగంట సేపు చేను చూసి వచ్చేవారు. మనుమరాలు ఆయన వెంటే వెళ్ళి, ఆయన లాగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఒక రోజు లోపలికి వచ్చి, కాఫీ తాగుతూ, “మృగశిర కార్తె వచ్చింది. మనకు ఏరువాక సాగే వేళ. వీళ్ళు కోతకొస్తున్నారు” అన్నారు. ఆ సంగతి ఆయనను ఎంత కదిలించిందో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తొలకరి కోసం కాడీ మేడీ సిద్ధం చేసుకునే రోజుల్లో ఒక దేశపు రైతు తన ఏడాది కష్టాన్ని ఇంటికి చేర్చుకుంటున్నాడన్న మాట ఆయన ఆ నెల రోజులూ ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

ట్రాక్టర్ తాతతో ఆయన పరిచయం కంచెకు అటూ ఇటూ నిలబడే జరిగింది. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దాయన కంకి నలిపి గింజలు అందించారు. నాన్న ఒక గింజ కొరికి, తల అడ్డంగా ఊపి, నాలుగు వేళ్ళు చూపించారు. పెద్దాయన నవ్వి అయిదు వేళ్ళు చూపించారు. నన్ను పిలిచి అడిగిస్తే, ఇద్దరూ చెప్పింది కోతకు ఇంకా ఎన్ని రోజులన్న మాటే. తర్వాత చాలాసేపు నేను దుబాసీగా నిలబడ్డాను. “ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతుందో అడుగమ్మా” అన్నారు నాన్న. ఆయన బుషెళ్ళలో చెప్పారు. బాగా పండితే నలభై అయిదు. బుషెల్ గోధుమలంటే 60 పౌనులు, అంటే 27 కిలోల పైచిలుకు. కాగితం మీద లెక్క కట్టి, మన 75 కిలోల బస్తాలు పదహారు అవుతాయని చెబితే నాన్న ముఖంలో జాలి కనిపించింది. మా మాగాణి అంతకు దాదాపు రెట్టింపు ఇచ్చేది. “పాపం, ఎట్లా గిట్టుబాటవుతుంది?” అన్నారు. అప్పుడు ఆ కంచె వెనుక కనిపించే ఒక్క ముక్క 160 ఎకరాలనీ, అటువంటివి ఆయనకు ఎనిమిది ఉన్నాయనీ, ఆయనా ఆయన కొడుకూ, కోతల రోజుల్లో ఒక జీతగాడూ కలిసి అంతా చేసుకుంటారనీ చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే పొలంలో పాట ఉండదన్న మాట” అన్నారు. నాట్లకూ కోతలకూ ముప్ఫయి నలభై మంది ఆడవాళ్ళు వరుసగా వంగిన పొలాన్ని ఎరిగిన మనిషి అడగవలసిన మాట అదే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆ వాక్యాన్ని నేను పెద్దాయనకు అనువదించలేకపోయాను.

కోతకు మూడు రోజులుందనగా పడమట మబ్బు పట్టింది. కాన్సస్‌లో జూన్ మబ్బు ఒక కొండలా లేస్తుంది. దాని అడుగు నల్లగా, నడుము ఆకుపచ్చ కలిసిన బూడిద రంగుగా ఉంటే వడగళ్ళకు భయపడతారు. పది నిమిషాల వడగండ్ల వాన చాలు, పండిన కంకి మొత్తం రాలి నేలపాలవడానికి. ఆ సాయంత్రం ట్రాక్టర్ తాత తన బండికి ఆనుకుని, నాన్న కంచెకు ఆనుకుని, ఒక్క మాటైనా లేకుండా గంటకు పైగా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. మా అబ్బాయి వెళ్ళి, “తాతయ్యా, ఏం చూస్తున్నారు?” అని అడిగాడు. నాన్న వాణ్ణి దగ్గరికి తీసుకుని 1977 నవంబరు 19 గురించి చెప్పారు. ఆ దివిసీమ ఉప్పెన నాటికి నాకు నాలుగేళ్ళు, నాకు గుర్తున్నది గాలి హోరు మాత్రమే. చేను పండి కోతకు సిద్ధంగా ఉన్నదనీ, తెల్లవారి చూస్తే పైరంతా ఉప్పునీటి కింద పడుకుని ఉందనీ, ఆ రాత్రి పోయిన మనుషుల ముందు పంట గురించి ఏడవడానికి కూడా ఎవరికీ నోరు రాలేదనీ ఆరేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యే మాటల్లో ఆయన చెబుతుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ సంగతి నాకే ఆయన ఎప్పుడూ అంతగా చెప్పలేదు. మబ్బు ఉత్తరానికి తిరిగింది. మాకు నాలుగు చినుకులే పడ్డాయి. పెద్దాయన టోపీ తీసి, నాన్న వైపు చూసి ఒకసారి తల పంకించి వెళ్ళిపోయారు.

కోత మొదలైన ఉదయం అందరం అయిదింటికే లేచి కూర్చున్నాము గాని, యంత్రం కదిలేసరికి పదిన్నర దాటింది. మంచు ఆరితే గాని కోయకూడదు. తడి గింజను కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. లారీ అక్కడికి చేరగానే ఒక పొడవాటి గొట్టాన్ని ధాన్యంలో గుచ్చి నమూనా తీసి, తేమ చూస్తారు. పదమూడున్నర శాతానికి పైన ఉంటే ధర తగ్గించడమో, ఆగమనడమో చేస్తారు. మొదటి రోజు మొదటి లారీ లెక్క వచ్చేదాకా ఊరంతా ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. ఆ కేంద్రాల తెల్లని కాంక్రీటు గాదెలు ఆ చదునైన నేల మీద పది మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. హచిన్సన్‌లో ఉన్నది అర మైలు పొడవు ఉంటుంది. దూరప్రయాణాల్లో “ఇంకెంత దూరం?” అని పిల్లలు సతాయిస్తే, తర్వాతి ఊరి గాదె కనిపించిందా లేదా చూడమని చెప్పి వాళ్ళ నోరు మూయించేవాళ్ళం.

ముప్ఫయి అడుగుల వెడల్పు కోతమూతి ఉన్న ఆ కంబైన్ ఒకవైపు చేను మింగుతూ, వెనుక నుంచి గడ్డి వెదజల్లుతూ సాగిపోతుంటే నాన్న గట్టు మీద నిలబడి, “కోత, కుప్ప, నూర్పిడి, తూర్పార అన్నీ దీని కడుపులోనే” అని అమ్మకు వివరించారు. పెద్దాయన పక్కసీటులో నాన్నను, మా అబ్బాయిని ఎక్కించుకుని రెండు చుట్లు తిప్పారు. దిగి వచ్చిన నాన్న తలపాగా నిండా పొట్టు, కళ్ళ నిండా నీళ్ళు. దుమ్ము పడిందన్నారు.

ఆ మధ్యాహ్నమే జరిగిన సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. గట్టు మీద చాప పరిచి, అమ్మా నేనూ పిల్లలకు పెరుగన్నం పెడుతున్నాము. నేను గిన్నెలు సర్దడానికి వెనక్కి తిరిగి, మళ్ళీ చూసేసరికి అమ్మాయి లేదు. రెండున్నరేళ్ళ పిల్ల. చేను నా నడుము ఎత్తు ఉంది, పిల్ల అందులోకి వెళితే తల కూడా కనబడదు. పిలిస్తే గాలి హోరులో నా గొంతు నాకే వినబడలేదు. చేనికి అవతలి చివర కంబైన్ మలుపు తిరిగి మా వైపు మళ్ళుతోంది. నేను పైరులోకి దూకి అటూ ఇటూ పరుగెత్తబోతే నాన్న గట్టిగా నా రెక్క పట్టుకుని ఆపారు. “తొక్కబాకమ్మా, జాడ చెరిగిపోతుంది” అన్నారు. ఆయన గట్టు వెంట నెమ్మదిగా, వంగి, పైరు మొదళ్ళ కేసి చూస్తూ నడిచారు. ఒక చోట ఆగారు. నాకు ఏ తేడా కనబడలేదు. గాలికి అంతటా ఒకవైపే వాలుతున్న పైరులో, అక్కడ మాత్రం చిన్న పాయ తీసినట్టు రెండు వైపులా ఒత్తిగిలి ఉందని ఆయన తర్వాత చెప్పారు. ఈలోగా మా అబ్బాయి తెల్ల తువ్వాలు ఊపుతూ చేను పక్కగా కంబైన్ వైపు పరుగెత్తాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. యంత్రం ఆగింది. దాని చప్పుడు ఆగిన నిశ్శబ్దంలో ఎక్కడో ముప్ఫయి అడుగుల లోపల నుంచి అమ్మాయి తనలో తాను మాట్లాడుకోవడం వినిపించింది. నాన్న ఆ పాయ వెంటే వెళ్ళి ఎత్తుకొచ్చారు. కాళ్ళు చాపుకుని కూర్చుని, కంకులు ఒలిచి ఒడిలో పోసుకుంటోందట. చేతుల నిండా, మెడ నిండా గోధుమ మీసాల గీరలు, నోట్లో బిళ్ళ కట్టిన గోధుమ జిగురు. పెద్దాయన దిగి వచ్చి, పిల్లను చూసి, మళ్ళీ యంత్రం ఎక్కడానికి ముందు చాలాసేపు మెట్టు పట్టుకుని నిలబడ్డారు. తప్పు నాదే. ఆయనా నాన్నా నన్ను ఒక్క మాట అనలేదు.

సాయంత్రం ఆరింటికి పెద్దాయన భార్య పొలానికి భోజనం తెచ్చేవారు. కోతల పది రోజులూ ఎవరూ ఇంటికి వెళ్ళి తినరు. లారీ వెనుక తలుపు దించి, దాని మీద బట్ట పరిచి, రొట్టెలు, బంగాళాదుంపల సలాడ్, చల్లని తేనీరు పెట్టేవారు. ఆ రోజు జరిగినదాని తర్వాత అమ్మ ఊరుకోలేకపోయింది. మర్నాడు పెద్ద గిన్నెడు పులిహోర కలిపి, అల్లం పచ్చిమిర్చి దంచి వేసిన మజ్జిగ ఒక క్యానులో పోసి తీసుకెళ్ళింది. కోతలకు వచ్చినవాళ్ళకు మజ్జిగ పోయడం ఆమె ఎరిగిన మర్యాద. ఆ వేడికి పులిహోర కంటే మజ్జిగే ముందు అయిపోయింది. ఆ భోజనాల దగ్గరే పెద్దావిడ మాకు తమ వంశం సంగతి చెప్పారు. వాళ్ళ పూర్వీకులు మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. రష్యా సామ్రాజ్యపు దక్షిణ ప్రాంతం నుంచి 1874లో ఈ నేలకు వలస వచ్చారు. చలికి తట్టుకునే ఎర్ర గోధుమ విత్తనాన్ని వాళ్ళే వెంట తెచ్చారనీ, బయలుదేరే ముందు మేలైన గింజలను ఒక్కొక్కటిగా ఏరిపెట్టే పని ఇంటి చిన్నపిల్లలకు అప్పగించారనీ అక్కడి ఇళ్ళలో కథగా చెప్పుకుంటారు. ఆమె ఆ మాట చెబుతుండగా మా అమ్మాయి గౌను జేబులో నుంచి గుప్పెడు గోధుమలు తీసి ఆమె ముందు పోసింది.

జూన్ 21 రాత్రి అక్కడ నిండు పున్నమి. ఆ దేశంలో వేసవి పున్నమి చంద్రుడు ఆకాశం మీదికి ఎక్కువగా ఎక్కడు, చేలకు ఆనుకున్నట్టు కిందుగానే దక్షిణం అంచున సాగిపోతాడు. కోతల దుమ్ము వల్ల ఆ చంద్రుడు రాగి పళ్ళెంలా ఉన్నాడు. నాన్న పంచాంగం వెంట తెచ్చుకున్నారు. జ్యేష్ఠ పున్నమి, ఏరువాక పున్నమి. ఊళ్ళో ఉంటే ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, అరక కట్టే రోజు. మా ఊరి కాలవల్లో ఎద్దులు తగ్గి ఎన్నేళ్ళయిందో ఆయనకూ తెలుసు. అయినా ఆ రాత్రి పదింటికి అమ్మ చేత చిటికెడు పసుపూ కుంకుమా అడిగి తీసుకుని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని కంచె దాటి వెళ్ళి, మా వైపు మలుపు దగ్గర ఆగి ధాన్యం దింపుతున్న కంబైన్ చక్రానికి బొట్టు పెట్టారు. పెద్దాయన పైనుంచి దిగి వచ్చి ఏమిటని అడగలేదు. మా అబ్బాయి తన తెలిసీ తెలియని మాటల్లో, మా దేశంలో ఈ రోజు రైతు పండుగ అని చెప్పాడు. ఆయన లోపలి దీపం వెలిగించి, హారన్ ఒకసారి మోగించారు. తర్వాత దూరంగా మరో చేలోని యంత్రం కూడా మోగించింది. అర్ధరాత్రి దాకా ఆ దీపాలు చీకట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. పిల్లలు కిటికీ దగ్గరే నిద్రపోయారు.

కోతలు ముగిసిన రోజు పెద్దాయన ఒక బకెట్టు నిండా గోధుమలు తెచ్చి మా గుమ్మంలో పెట్టారు. అమ్మ చేయి పెట్టి గుప్పెడు తీసి, వెలుతురులోకి పట్టుకుని చూసి, అలా మెట్ల మీదే కూర్చుండిపోయింది. “ఇవి మా రేషన్ గోధుమలే” అంది. ఆమె పుట్టింటివారు గుంటూరులో ఉండేవారు, పొలం లేదు. 1965, 66 కరువు రోజుల్లో ఆమెకు పద్నాలుగేళ్ళు. బియ్యం సరిపోక చౌక దుకాణంలో గోధుమలు ఇచ్చేవారట. అమెరికా గోధుమలు, ఎర్ర గోధుమలు అనేవారట. వాటిని కడిగి, డాబా మీద ఆరబోసి, పిండిమరకు మోసుకెళ్ళడం ఆమె పని. రొట్టె చేయడం ఎవరికీ సరిగా రాదు, తినడానికి ఇష్టం ఉండదు. అమెరికా ఆహార సహాయానికి సంబంధించిన అప్పటి పి.ఎల్. 480 ఒప్పందం కింద మన దేశానికి వచ్చిన గోధుమల్లో ఈ మైదానాల ఎర్ర గోధుమ ఎంతో ఉంది. రైళ్ళలో అమెరికా దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరపు రేవులకు చేరి, అక్కడి నుంచి ఓడల్లో మన రేవులకు వచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం నేను ఆమె మాటలు పెద్దాయనకు చెప్పాను. ఆయన ఆ ఏళ్ళలో తాను ముప్ఫయి ఏళ్ళ కుర్రవాణ్ణనీ, తన లారీలోని గోధుమ ఇండియాకు వెళ్తోందని గాదె దగ్గర అనుకునేవారనీ, అది ఎవరు తింటారో తనకు ఎప్పుడూ తెలియలేదనీ అన్నారు. అమ్మ ఆయనకు నమస్కారం చేసింది. ఆయన చేతిలోని టోపీని అలాగే గుండెకు పట్టుకుని నిలబడ్డారు.

ఆ గోధుమలతో చపాతీ మెత్తగా రాలేదు. రంగు ముదురు, కాస్త బిరుసు. అమ్మ పట్టు వదలక, రెండు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, గంటన్నర సేపు గరిట తిప్పి హల్వా చేసింది. పిల్లలు స్టూలు వేసుకుని పొయ్యి పక్కనే నిలబడి, నెయ్యి తేలే క్షణం కోసం కాపు కాశారు. సగం పళ్ళెం పెద్దాయన ఇంటికి పంపాము.

నాన్న ఆ తర్వాత మళ్ళీ అమెరికా రాలేదు. ఫోను చేసినప్పుడల్లా మా ఆరోగ్యాల తర్వాత అడిగే మొదటి మాట ఆ చేను సంగతి. 2007లో నా దగ్గర మంచి కబురు లేకపోయింది. ఆ మార్చిలో వేడి ముందుగా వచ్చి పైరు తొందరపడి ఎదిగింది. ఏప్రిల్ మొదటి వారంలో, ఈస్టర్ పండుగ రోజుల్లో, నేల గడ్డకట్టే చలి తిరిగొచ్చి, కాండంలో అప్పుడే రూపు కడుతున్న కంకిని లోపలే చంపేసింది. పైకి ఆకు పచ్చగానే ఉంది. పెద్దాయన ఒక కాండాన్ని చాకుతో నిలువుగా చీల్చి, లోపల గోధుమరంగుకు తిరిగి వడలిపోయిన, వడ్లగింజంత కంకిని మా అబ్బాయికి చూపించారు. వాడు ఆ రోజు అన్నం తినలేదు. ఆ మే 4 రాత్రి మాకు పడమటగా ఉన్న గ్రీన్స్‌బర్గ్ అనే ఊరిని సుడిగాలి దాదాపు మొత్తంగా తుడిచిపెట్టింది. మా చుట్టుపక్కల చాలామంది పాడైన పైరును పశువుల మేతకు కోసేశారు. ఆ జూన్‌లో రాత్రులు చీకటిగా, పిల్లల సెలవులు ఎందుకో పొడవుగా అనిపించాయి. మరుసటి ఏడు మళ్ళీ దీపాలు వెలిగాయి.

2012లో పిల్లల చదువుల కోసం డల్లాస్ వచ్చేశాము. నాన్న ఇప్పుడు లేరు. ట్రాక్టర్ తాత కూడా లేరు. ఆయన కొడుకు ఆ పొలం చేస్తున్నాడు. ఇక్కడ చుట్టూ తెలుగువాళ్ళే, గోంగూర మొదలుకొని దొరకనిది లేదు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అయినా మే చివరలో ఉత్తరం వైపు వెళ్ళే హైవే మీద లారీల మీదికెక్కిన కోత యంత్రాలు కనబడితే నేను కారు కాస్త నెమ్మది చేస్తాను.

2024 జూన్‌లో అమ్మాయి స్నేహితులతో కలిసి కారులో ఉత్తరానికి ప్రయాణమైంది. మధ్యాహ్నం రెండింటికి ఫోను చేసింది. విచిటాకు దక్షిణాన హైవే దిగి, ఒక మట్టిరోడ్డు పక్కన ఆగామని చెప్పింది. వెనుక గాలి హోరు, దాని కింద నాకు బాగా తెలిసిన యంత్రపు చప్పుడు వినిపిస్తున్నాయి. మాట సరిగా రావడం లేదేమిటని అడిగాను.

“రోడ్డు వారన మొలిచినవి నాలుగు కంకులు నలిపానమ్మా, నోట్లో ఉన్నాయి” అంది. “ఉండు, ఇంకా జిగురు కట్టలేదు.”

కట్టేదాకా ఇద్దరం ఫోను పెట్టేయలేదు.